పాయింట్ రాని రైడ్లు కూడా చూడండి

ముందే చెప్పేస్తున్నా, నేను కబడ్డీ ఆడను. స్కూల్లో గేమ్స్ పీరియడ్ వస్తే వేపచెట్టు కింద కూర్చుని కబుర్లు చెప్పే బ్యాచ్ నాది. పైగా ఎల్‌కేజీ నుంచి ఇంటర్ దాకా ఇంగ్లీష్ మీడియం. కాబట్టి ఈ వ్యాసంలో ఒత్తులు తప్పితే క్లబ్ ఎడిటర్లు దిద్దుకుంటారని, ఆట గురించి తప్పు రాస్తే ఆడేవాళ్లు తిడతారని తెలిసే రాస్తున్నా.

రాయడానికి కారణం మా సీనియర్ అన్న ఒకరు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి అన్న అనే అంటాను. మాది ఒకే ఊరు, శ్రీకాళహస్తి. అన్న కాలేజీ కబడ్డీ జట్టులో రైట్ కవర్. ఇప్పుడు ఫైనల్ ఇయర్. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది, జాయినింగ్ డేట్ ఇంకా రాలేదు. ఈలోపు ఒక సెలక్షన్‌కి వీడియో పంపే అవకాశం వచ్చింది. సంక్రాంతి సెలవుల్లో మా ఇంటికొచ్చి ఒక పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు.

"రేయ్, నీకు ఎడిటింగ్ వచ్చు గదా. నా మ్యాచ్‌లన్నీ దీంట్లో ఉండాయి. బాగుండేవి కట్ చేసి రెండు నిమిషాల వీడియో చేసియ్యి" అన్నాడు.

ఒక్క రాత్రిలో చేసేశాను. పదకొండు ట్యాకిల్స్, మధ్యలో స్లో మోషన్, వెనకాల డప్పు మ్యూజిక్. వాట్సాప్ గ్రూపులో పెడితే ఎమోజీల వర్షం. నేను కూడా తెగ సంతోషపడ్డాను. రెండు రోజుల తర్వాత సాయంత్రం స్వర్ణముఖి ఒడ్డున టీ తాగుతుంటే అన్న అడిగాడు.

"రీల్ సంగతి వదిలేయ్. నువ్వు నా ఆటంతా చూసినావు గదా. నిజం చెప్పు, నేను ఆ లెవెల్‌కి పనికొస్తానా? వస్తానంటే ఒక సంవత్సరం ఉద్యోగం పక్కన పెడతా. రానంటే నోరు మూసుకుని పోయి జాయిన్ అయిపోతా. ఇంట్లో నాయనకి ఏం చెప్పాల్నో నాకే తెలీడం లేదు."

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే అన్న ఆటంతా నేను చూడలేదు. వీడియోని ముందుకి లాగుతూ, కేకలు వినిపించిన చోట ఆపి, అక్కడ అన్న ఉంటే కట్ చేశాను, అంతే. నేను చూసింది పదకొండు ట్యాకిల్స్. ఒక మనిషి ఒక సంవత్సరం జీవితం గురించి అడుగుతుంటే నా దగ్గరున్నది రెండు నిమిషాల డప్పు మ్యూజిక్.

ఆ సాయంత్రం నుంచి నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది. ఎవరి పని అయితే ఏమీ జరగకుండా చూడటమో, వాళ్లని హైలైట్స్‌తో అంచనా వేయడం తప్పు. వాళ్ల ఆట తెలియాలంటే పాయింట్ రాని రైడ్లు చూడాలి. మొత్తం చూడాలి.

కవర్ అంటే ఎవరు?

కబడ్డీ తెలిసినవాళ్లు ఈ పేరా వదిలేయొచ్చు. మగవాళ్ల కోర్టు 13 మీటర్లు పొడవు, 10 మీటర్లు వెడల్పు. ఒక్కో జట్టుకి సగం, అంటే 6.5 మీటర్లు. రెండు పక్కలా ఒక్కో మీటర్ లాబీ తీసేస్తే, రైడర్ ఎవరినైనా తాకేదాకా వాడుకోగలిగేది 8 మీటర్ల వెడల్పే. ఆ చిన్న జాగాలో ఏడుగురు డిఫెండర్లు, ఎదురుగా కూత పెడుతూ వచ్చే ఒక్క రైడర్, 30 సెకన్ల టైం. రెండు చివర్లలో నిలబడేవాళ్లు కార్నర్లు. వాళ్లు కాలు పట్టేవాళ్లు, యాంకిల్ హోల్డ్ స్పెషలిస్టులు. వాళ్లకి లోపలి వైపు ఉండేవాళ్లు కవర్లు. రైడర్ తిరిగి గీత వైపు పరిగెత్తేటప్పుడు అడ్డం పడి ఆపడం, భుజంతో డ్యాష్ కొట్టి లాబీ బయటికి నెట్టడం, కార్నర్ పట్టిన కాలు జారిపోకుండా మీద పడటం, పక్కవాడి చెయ్యి పట్టుకుని చైన్‌గా కదలడం కవర్ల పని.

కార్నర్‌కి పేరొస్తుంది. ఇరాన్ నుంచి వచ్చిన ఫజల్ అత్రాచలి లెఫ్ట్ కార్నర్‌లో ఆడుతూ ప్రో కబడ్డీలో 500కు పైగా ట్యాకిల్ పాయింట్లు తెచ్చుకున్నాడు. కవర్ కథ వేరు. నలుగురు కలిసి రైడర్‌ని ఆపినా స్కోర్‌షీట్‌లో ఆ పాయింట్ సాధారణంగా ఒక్క పేరు పక్కనే పడుతుంది. ఇక రైడర్ వచ్చి, ఎటు పోవాలో తెలియక, ఎవరినీ తాకకుండా వెనక్కి పోయాడనుకోండి. దాన్ని ఎంప్టీ రైడ్ అంటారు. బోర్డు మీద ఎవరికీ ఏమీ రాదు. కానీ ఆ ఖాళీ రైడ్ ఊరికే రాలేదు, ఎవరో ఆ దారి మూశారు. ఎవరు మూశారో రాసుకునే గడి మాత్రం స్కోర్‌షీట్‌లో లేదు.

కలంకారీ వేసే ఇళ్లు మా ఊళ్లో చాలా ఉన్నాయి. అక్కడ చిన్నప్పుడు ఒకటి గమనించాను. గుడ్డని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఎరుపు రావాల్సిన చోట కలంతో పటిక నీళ్లు రాస్తారు. పటిక రాసినప్పుడు గుడ్డ మీద పెద్దగా ఏమీ కనిపించదు. తర్వాత రంగులో ఉడకబెడితే ఎరుపు నిలిచేది పటిక ఉన్న చోటే. కొనేవాళ్లు ఎరుపు చూసి మురిసిపోతారు. పటిక గురించి ఎవరూ అడగరు. కవర్ డిఫెండర్‌ది ఆ పటిక లాంటి పని అని నాకిప్పుడు అనిపిస్తుంది.

అమెరికాలో ఇదే సమస్య

అన్న ప్రశ్న తర్వాత నిద్ర పట్టక యూట్యూబ్‌లో వెతికాను. పాయింట్లు రాని ఆటగాళ్లని వేరే ఆటల్లో ఎలా అంచనా వేస్తారు? వెతుకుతూ వెతుకుతూ అమెరికన్ ఫుట్‌బాల్ దగ్గరికి చేరాను. అది మన ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే ఆట. అందులో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు, బంతి విసిరేవాడు, మన రైడర్ లాగా అందరి కళ్లూ అతని మీదే. అతని ముందు ఐదుగురు భారీ మనుషులు గోడలా నిలబడతారు. వాళ్లని అఫెన్సివ్ లైన్‌మెన్ అంటారు. అవతలి జట్టువాళ్లు వచ్చి క్వార్టర్‌బ్యాక్‌ని పడేయకుండా ఆపడం వాళ్ల పని. ఆ ఐదుగురిలో మధ్యవాడు బంతిని వెనక్కి అందించడం తప్ప, మిగతావాళ్లు మ్యాచ్ మొత్తంలో బంతిని ముట్టుకోకపోవచ్చు. వాళ్ల పేరు కామెంటరీలో వినిపించిందంటే ఎక్కువసార్లు ఏదో ఫౌల్ చేశారనే అర్థం.

జో థామస్ అని క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు లెఫ్ట్ ట్యాకిల్ ఒకాయన ఉన్నాడు. కాలేజీ నుంచి 2007లో మొత్తం డ్రాఫ్ట్‌లో మూడోవాడిగా ఎంపికయ్యాడు. ఆ రోజు నుంచి 2017లో దెబ్బ తగిలేదాకా వరుసగా 10,363 స్నాప్‌లు, అంటే బంతి కదిలిన ప్రతిసారీ, ఒక్కటి కూడా వదలకుండా ఆడాడు. 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. అతన్ని తల్చుకుంటే జనానికి గుర్తొచ్చే అంకె పాయింట్లది కాదు, హాజరుది.

మరి ఇలాంటి కాలేజీ కుర్రాళ్లకి అన్ని డాలర్లు పెట్టాలా వద్దా అని ఎలా తేలుస్తారు? టీవీలో కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి ఆ వీడియో పనికిరాదు. కోచ్‌లు వేరే వీడియో చూస్తారు. ఎత్తు నుంచి, మైదానంలోని 22 మందీ కనిపించేలా తీసింది. దాన్ని ఆల్-22 అంటారు. అందులో బంతిని పట్టించుకోకుండా ఒక్క మనిషినే చూస్తారు. మొదటి అడుగు ఎటు వేశాడు, నడుము వంగిందా మోకాళ్లు వంగాయా, చేతులు ముందు చేరాయా ఎదుటివాడి చేతులు ముందు చేరాయా, అలసిపోయాక కూడా కాళ్లు అలాగే కదులుతున్నాయా. ఒక ఆటలో ప్రతి స్నాప్‌కీ ఇదే. బాగా చేసినవి, పాడుచేసినవి, ఏమీ కానివి అన్నీ.

ఇది చూశాక నా రెండు నిమిషాల రీల్ గుర్తొచ్చి సిగ్గేసింది.

మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా

పెన్‌డ్రైవ్‌లో పూర్తిగా ఉన్న మ్యాచ్‌లు నాలుగే. మిగతావి ముక్కలు. నాలుగూ మొదటి నుంచి పెట్టాను. ఒక ఎక్సెల్ షీట్ తెరిచి అవతలి జట్టు చేసిన ప్రతి రైడ్‌కీ ఒక వరస. 40 నిమిషాల ఆటలో ఒక జట్టు ఎదుర్కొనే రైడ్లు 40కి అటూ ఇటూ ఉంటాయి. ప్రతి దానికీ అన్న ఎక్కడ నిలబడ్డాడు, రైడర్ ఎటు వచ్చాడు, అన్న ముందుకి కదిలాడా ఆగాడా, చివరికి ఏమైంది.

మొదటి మ్యాచ్ సగంలోనే నాకు అర్థమైంది, నాకు చూడటం రాదని. కళ్లు తెలియకుండానే రైడర్ వెంట పోతున్నాయి. మా వీధిలో ఒక మామ ఉన్నాడు. మ్యాట్లు లేని రోజుల్లో నది ఇసుకలో, సంక్రాంతి పందేల్లో చెడుగుడు ఆడిన మనిషి. లాప్‌టాప్ పట్టుకుని ఆయన దగ్గరికి పోయాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండు రైడ్లు చూసి అన్నాడు, "చేతులు చూడొద్దురా అబ్బోడా. చేతులు అందరికీ లేస్తాయి. వాడి కాళ్లు చూడు. రైడర్ పాదం లోపల పెట్టినప్పుడు మనోడి మడమ నేల మీదుందా, గాల్లో ఉందా చూడు."

మడమలు చూడటం మొదలుపెట్టాక అదే వీడియోలో వేరే ఆట కనిపించింది. రెండు ఉదాహరణలు చెప్తాను.

ఒకటి. నా రీల్‌లో మొట్టమొదటి క్లిప్. అన్న డ్యాష్ కొడితే రైడర్ ఎగిరి లాబీ బయట పడతాడు, జనం కేకలు. సూపర్ షాట్. కానీ నేను కట్ చేసిన చోటు కంటే మూడు సెకన్ల ముందు నుంచి చూస్తే కథ మారిపోయింది. అన్న తొందరపడి ముందుకి దూకాడు, రైడర్ అతన్ని దాటేశాడు కూడా. పక్కన కార్నర్ తమ్ముడు నేల మీద పడి మడమ దొరకబుచ్చుకున్నాడు. రైడర్ అక్కడ ఆగిపోయాడు. అప్పుడు అన్న తేరుకుని వెనక నుంచి వచ్చి డ్యాష్ కొట్టాడు. తప్పు చేసింది అన్న, కాపాడింది కార్నర్, రీల్‌లో హీరో అన్న. ఆ మూడు సెకన్లు తీసేసింది నేనే. అబద్ధం చెప్పాలని కాదు, కేకలు వినిపించిన చోట కట్ చేశాను.

రెండు. ఇంకో మ్యాచ్‌లో అవతలి జట్టులో ఒక పొడుగాటి రైడర్ ఉన్నాడు, ఎడమ కాలు టో టచ్ బాగా వేస్తాడు. మొదటి సగంలో ఐదు సార్లు మా కుడి వైపుకి వచ్చాడు. ఐదు సార్లూ ఖాళీగా పోయాడు. అన్నకి ఒక్క పాయింట్ లేదు. నేను రీల్ చేసినప్పుడు ఆ భాగమంతా ఫాస్ట్ ఫార్వర్డ్ చేశాను. మామ మాత్రం అక్కడే ఆపి మూడు సార్లు చూశాడు. రైడర్ అరడుగు లోపలికి వస్తే అన్నా, కార్నరూ చెయ్యి వదలకుండా అరడుగు వెనక్కి. రైడర్ లోపలికి తిరిగితే అన్న గీత వైపు పోయే దారిలోకి అడుగు. పట్టడానికి ఒక్కసారి కూడా ఎగబడలేదు. ప్రో కబడ్డీలో అయితే వరుసగా రెండు ఖాళీ రైడ్ల తర్వాత మూడోది డూ ఆర్ డై, పాయింట్ తేకపోతే రైడరే ఔట్. అంటే ఆ ఓపికకి అక్కడ ధర ఉంది. మామ కళ్లజోడు తీసి, "ఇదీ ఆట. మీవోడు ఇది నేర్చుకున్నాడే!" అన్నాడు. నాలుగు మ్యాచ్‌లలో అన్న ఆడిన అన్నిటికన్నా మంచి ఆట అది. దాన్నుంచి రీల్‌లోకి ఒక్క ఫ్రేమ్ కూడా రాలేదు.

షీట్ పూర్తయ్యేసరికి ఇంకో రెండు విషయాలు తేలాయి. పక్కన కార్నర్ ఉన్నంతసేపు అన్న చాలా మంచి డిఫెండర్. కార్నర్ ఔటై బయట కూర్చున్నాడంటే అన్న వేరే మనిషి. భయమో, బాధ్యత ఎక్కువైందో తెలీదు, రైడర్ ఇంకా బాక్ లైన్ దాటకముందే మీదికి పోతాడు. కోర్టులో ముగ్గురు లేక అంతకంటే తక్కువ మంది మిగిలినప్పుడు పట్టుకుంటే సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లు. ఆ ఆశ కూడా ఉంటుందేమో. నాలుగు మ్యాచ్‌లలోనూ అలాంటప్పుడు అన్న గెలిచింది తక్కువ, పోగొట్టుకుంది ఎక్కువ. రెండోది, చివరి ఐదారు నిమిషాల్లో మడమలు నేలకి అతుక్కుపోతాయి. మోకాళ్లు వంగాల్సిన చోట నడుము వంగుతుంది. ఇది ఫిట్‌నెస్ సమస్య అని నాలాంటివాడికి కూడా కనిపించింది.

"అంత టైం ఎవరికుంది?"

ఇదంతా చెబితే హాస్టల్‌లో ఫ్రెండ్స్ రెండు అభ్యంతరాలు చెప్పారు. రెండూ న్యాయమైనవే.

మొదటిది. సెలక్షన్ చేసేవాళ్లకి వందల వీడియోలు వస్తాయి. ఎవరూ నాలుగు మ్యాచ్‌లు కూర్చుని చూడరు. రెండు నిమిషాలది లేకపోతే తలుపే తెరుచుకోదు. నిజమే. నేను రీల్ వద్దనడం లేదు. రీల్ తలుపు తట్టడానికి. లోపలికి పోయాక కూర్చోబెట్టి మాట్లాడాలంటే పూర్తి మ్యాచ్ కావాలి. రెండిటి పనులూ వేరు. పైగా ఆ పూర్తి వీడియో అందరికన్నా ముందు అవసరమైంది సెలెక్టర్‌కి కాదు, ఆడినవాడికి. ఉద్యోగం వదలాలా వద్దా అని తేల్చుకోవాల్సింది అతను కదా. అతనికి కూడా రీల్ చూపిస్తే ఎలా?

రెండోది మా సీఎస్ బ్యాచ్ నుంచి వచ్చింది. "మనుషులెందుకు రా, మోడల్ పెట్టు. పోజ్ ఎస్టిమేషన్ ఉంది, ట్రాకింగ్ ఉంది." సరే అని ప్రయత్నించాను. ఏడుగురు విడివిడిగా నిలబడినంతసేపు బాగానే పనిచేసింది. చైన్‌లో ఇద్దరు చేతులు పట్టుకున్నారో లేదో, ఒకరి నంబర్ ఇంకొకరికి పోయింది. ట్యాకిల్‌లో నలుగురు ఒకరి మీద ఒకరు పడగానే కీళ్లన్నీ కలిసిపోయాయి. అంటే సరిగ్గా కవర్ పని చేసే క్షణంలోనే మోడల్‌కి కవర్ కనిపించడం లేదు. ఇంకా పెద్ద సమస్య లేబుల్స్‌ది. స్కోర్‌షీట్‌ని లేబుల్‌గా వాడితే, పాయింట్ ఎవరి పేరు మీద పడిందో వాళ్లే మంచి డిఫెండర్ అని మోడల్ నేర్చుకుంటుంది. నా రీల్ చేసిన తప్పే అదీ చేస్తుంది, ఇంకా వేగంగా. రేపు ఇవన్నీ బాగుపడతాయి, నాకు నమ్మకం ఉంది. కానీ ఏ రైడ్ మంచిదో ముందు మామ లాంటి మనిషి చెబితేనే మోడల్ అయినా నేర్చుకునేది.

పెద్ద లీగ్ కూడా ఈ విషయంలో మనకి పాఠమే. 2023 అక్టోబర్ వేలంలో తెలుగు టైటాన్స్ రైడర్ పవన్ సెహ్రావత్‌ని 2.605 కోట్లకి కొన్నారు, అప్పటిదాకా లీగ్‌లో ఎవరికీ రాని ధర. అదే వేలంలో పుణేరి పల్టన్ ఇరాన్ డిఫెండర్ మొహమ్మద్‌రెజా షాద్లూని 2.35 కోట్లకి తీసుకున్నారు. ఆ సీజన్‌లో మన టైటాన్స్ రెండే మ్యాచ్‌లు గెలిచి అట్టడుగున నిలిచారు. 2024 మార్చి 1న మన హైదరాబాద్‌లోనే జరిగిన ఫైనల్లో పుణేరి గెలిచారు. పవన్ ఆడలేదని కాదు, మన జట్టులో ఎక్కువ పాయింట్లు తెచ్చింది అతనే. ఒక్క సీజన్ చూసి సూత్రం రాయకూడదని కూడా తెలుసు. కానీ టైటాన్స్ అభిమానిగా ఆ చలికాలమంతా టీవీ ముందు తల పట్టుకున్న నాకు ఒకటి బాగా అర్థమైంది. ఒక్క రైడర్ తెచ్చిన పాయింట్లు వెనక గోడ కారిపోతే నిలవవు.

వీడియోలో లేనివి

మొత్తం వీడియో చూసినా అంతా తెలిసిపోదు. ఇది కూడా చెప్పకపోతే నేను ఇంకో రకం రీల్ చేసినట్టే.

మా నాలుగు మ్యాచ్‌లలో మూడు మట్టి మీద ఆడినవి, ఒకటే మ్యాట్ మీద. మట్టిలో కాలు కొంచెం జారుతుంది, ఆ జారడాన్ని ఆసరా చేసుకుని తిరిగే అలవాటు అన్నకి ఉంది. మ్యాట్ మీద షూ పట్టేస్తుంది, అక్కడ అదే మలుపు ఆలస్యమైంది. ఒక్క మ్యాచ్ చూసి అది అలవాటు లోపమా, ఆ రోజు లోపమా అని చెప్పలేం. ఎదుటి రైడర్లు కాలేజీ వాళ్లు, వాళ్ల వేగం వేరు, ప్రొఫెషనల్ వేగం వేరు. ఇక ఫోన్ కెమెరా. తీసినవాడు ఫ్రెండే కాబట్టి మంచి సమయంలో వీడియో ఊగిపోతుంది, కెమెరా కూడా కేకలు వేస్తుంది.

అమెరికాలోనే జోర్డన్ మైలాటా అని ఒకతను ఉన్నాడు. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడేవాడు. అమెరికన్ ఫుట్‌బాల్ ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా 2018 డ్రాఫ్ట్‌లో చివరిదైన ఏడో రౌండ్‌లో, 233వ స్థానంలో ఎంపికయ్యాడు. చూడటానికి అతనికి ఆ ఆట వీడియోనే లేదు. ఉన్నది రగ్బీ వీడియో, శరీరం, నేర్చుకునే గుణం. తర్వాత ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కి లెఫ్ట్ ట్యాకిల్‌గా నిలదొక్కుకుని 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచిన జట్టులో ఉన్నాడు. అంటే వీడియో నిన్నటిదాకా ఏం చేశాడో చెబుతుంది. రేపు ఏం నేర్చుకుంటాడో చెప్పదు. అయితే ఒక్క సూచన ఇస్తుంది. తప్పు చేసిన తర్వాత వచ్చే రైడ్ చూడండి. అదే తప్పు మళ్లీ చేశాడా, సర్దుకున్నాడా? అన్న మొదటి మ్యాచ్‌కి, ఏడాది తర్వాతి నాలుగో మ్యాచ్‌కి మధ్య కార్నర్‌తో చెయ్యి వదలడం బాగా తగ్గింది. అది నాకు అన్ని డ్యాష్‌ల కంటే ఎక్కువ ఆశ కలిగించింది.

అన్నకి ఏం చెప్పాను

షీట్, లాప్‌టాప్ తీసుకుని అన్న ఇంటికి పోయాను. ముందు ఆ ఐదు ఖాళీ రైడ్లు చూపించాను. తర్వాత రీల్ మొదటి క్లిప్, ఆ మూడు సెకన్లతో కలిపి. చివర్లో కార్నర్ లేనప్పటి రైడ్లు వరసగా.

"నా మాటకి విలువ ఎంతో నీకే తెలుసన్నా, నేను ఆడేవాడిని కాదు. కానీ చూసింది చెప్తా. చైన్‌లో నువ్వు ఆ లెవెల్‌కి దూరంగా లేవు. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం చాలా దూరం ఉంది. చివరి ఐదు నిమిషాలు కూడా. ఇప్పుడే సరిపోతావా అంటే, లేదు. సరిపోయే అవకాశం ఉందా అంటే, ఉంది" అన్నాను.

అన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకు భయమేసింది, పెద్దరికం చూపించానేమో అని. తర్వాత ఆ మూడు సెకన్ల క్లిప్ మళ్లీ పెట్టమన్నాడు. చూసి, "ఆ పొద్దు అందరూ నన్ను ఎత్తుకున్నారు రా. పాపం, కార్నర్‌గాడికి ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. నేనూ చెప్పలేదు" అన్నాడు. అక్కడే ఫోన్ తీసి ఆ తమ్ముడికి కాల్ చేశాడు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, బయటికొచ్చేశాను.

చివరికి రీల్‌తో పాటు ఒక పూర్తి మ్యాచ్ వీడియో కూడా పంపాం. ఏ నిమిషంలో మంచి రైడ్, ఏ నిమిషంలో తప్పు అని ఒక పేజీ రాసి జతచేశాం. రీల్‌లోంచి ఆ మొదటి క్లిప్ అన్నే తీసేయమన్నాడు. ఇంకా జవాబు రాలేదు. ఉద్యోగం వదలడం లేదు, డేట్ వచ్చేలోపు తిరుపతిలో మ్యాట్ ఉన్న చోటికి పొద్దున్నే పోయి ప్రాక్టీస్ చేస్తున్నాడు. వాళ్ల నాయనకి కూడా ఆ షీట్ చూపించాడట. "తప్పులు కూడా రాసినారు కాబట్టి నమ్ముతా" అన్నాడంట ఆయన.

ఈ దారి కాలేజీ పిల్లలకి అసలు లేనిది కాదు. 2022లో ప్రో కబడ్డీ తొమ్మిదో సీజన్ వేలానికి ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ ఫైనల్ ఆడిన రెండు జట్ల నుంచి 24 మందిని పరిగణించారు. లీగ్‌కి కొత్త కుర్రాళ్ల కోసం వేరే విభాగమే ఉంది. 2025 ఆగస్టు 29న సీజన్ విశాఖపట్నంలోనే మొదలైంది. మన జట్టు కాలేజీ గ్రౌండ్‌లో ఆడే ఆటకి, ఆ మ్యాట్‌కి మధ్య దూరం ఉంది, కానీ అది కొలవగలిగే దూరమే. మనం కొలవడం లేదు, అంతే.

అందుకే క్లబ్ చదువరులకి, ముఖ్యంగా ఫోన్ పట్టుకుని గ్రౌండ్‌కి పోయే ఫ్రెండ్స్‌కి నా విన్నపం. ఈసారి మ్యాచ్‌కి ఫోన్‌ని చేతిలో పట్టుకోకండి. కోర్టు చివర, వీలైతే మెట్ల మీద ఎత్తుగా, ఒక స్టాండ్‌కి కట్టేయండి. పద్నాలుగు మందీ కనిపించాలి. 40 నిమిషాలూ ఆపకండి. మ్యాచ్ అయ్యాక ప్రతి రైడ్‌కీ ఒక వరస రాయండి, పాయింట్ వచ్చినా రాకపోయినా. మన బ్రాంచ్‌లో ఎక్సెల్ రానివాడు లేడు. ఆ ఫైల్ ఆడినవాళ్లకి ఇవ్వండి. రీల్ తర్వాత చేసుకుందాం.

ఇంకో మాట చెప్పి ముగిస్తాను. ఆ షీట్ తయారు చేశాక నా రెజ్యూమె తెరిచి చూసుకున్నాను. మూడు ప్రాజెక్టులు, అన్నీ నావే అన్నట్టు రాశాను. అందులో ఒకదానికి రాత్రంతా కూర్చుని బగ్స్ సరిచేసింది నా రూమ్మేట్. నా పేరు పక్కన ఉన్న ఆ లైన్‌కి ముందు మూడు సెకన్లు నేను కట్ చేసేశాను. ఇప్పుడు ఆ లైన్ మార్చాను, వాడి పేరు కూడా రాశాను. దానివల్ల ఇంటర్వ్యూలో నాకు మార్కులు తగ్గుతాయేమో. తగ్గనీ.